కాటాకు అందని బరువు

పది టైర్ల లారీ నంద్యాలలో బియ్యం బస్తాలు ఎత్తుకుని కాటా ఎక్కితే, బండి, సరుకు కలిపి చట్టం ఒప్పుకునే బరువు 28.5 టన్నులు. కిరాయి, డీజిల్, టైర్ల అరుగుదల, అన్ని లెక్కలూ ఆ కాటా చీటీ చుట్టూనే తిరుగుతాయి. అదే లారీ 40వ నంబరు జాతీయ రహదారి పట్టి, శిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డ చేరేలోపు దాదాపు 400 టన్నుల గాలిని దారిలోంచి పక్కకు నెడుతుంది. ఈ బరువు ఏ చీటీలోనూ ఉండదు. కానీ దాన్ని నెట్టడానికయ్యే డీజిల్ మాత్రం యజమాని జేబులోంచే పోతుంది.

ఆ అంకె వెనుక లెక్క తేలికైనదే. పట్టా కప్పిన లారీ ఎదురు భాగం రెండున్నర మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల ఎత్తు అనుకుంటే అది 9 చదరపు మీటర్లు. 40 కిలోమీటర్లు నడిస్తే 3 లక్షల 60 వేల ఘనపు మీటర్ల చోటులోంచి ఆ లారీ దూసుకుపోయినట్టు. సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉన్న నంద్యాలలో, వేసవి ఎండలో ఘనపు మీటరు గాలి 1.1 కిలోలు తూగుతుంది. రెండూ హెచ్చవేస్తే 396 టన్నులు.

గాలిని పక్కకు జరపక తప్పదు. ఎంత మర్యాదగా జరుపుతామన్నదే ప్రశ్న. మెల్లగా దారి మళ్లించి, బండి వెనుక మళ్లీ సర్దుకోనిస్తే ఖర్చు కొద్దిగానే అవుతుంది. గోడతో గుద్దినట్టు గుద్ది, వెనుక సుడులుగా చిందరవందర చేస్తే ఖర్చు రెండింతలు కావచ్చు. ఈ తేడానే ఇంజనీర్లు నిరోధ గుణకం అనే ఒక్క అంకెతో చెబుతారు. నేటి మంచి కార్లకు అది 0.3 దరిదాపుల్లో, బస్సులకు 0.6 చుట్టూ ఉంటుంది. పలకలు తేలిన లారీలకు 0.8, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ.

వేగం రెట్టింపైతే

గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. వేగం రెండింతలైతే గాలి వెనక్కి నెట్టే బలం నాలుగింతలు. మన లారీకి 0.8 గుణకం తీసుకుని లెక్కిస్తే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి 50 కిలోల బలంతో ఎదురొత్తుతుంది. 60 దగ్గర అది 112 కిలోలు, 80 దగ్గర 200 కిలోలు.

దీని పక్కన టైర్ల నిరోధం పెట్టి చూడాలి. రోడ్డు మీద దొర్లే టైరు ప్రతి టన్నుకూ సుమారు 7 కిలోల చొప్పున వెనక్కి లాగుతుందనుకుంటే, నిండు లారీకి అది 200 కిలోలు. వేగంతో ఇది పెద్దగా మారదు. అంటే నిండు బరువుతో 40లో పోయే లారీ మోసే భారంలో గాలి వాటా అయిదో వంతు. 80కి చేరేసరికి సరిగ్గా సగం.

సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తూకం పూర్తిగా గాలి వైపు మొగ్గుతుంది. పది టన్నుల ఖాళీ బండికి టైర్ల నిరోధం 70 కిలోలే. గాలికి లోపల సరుకుందో లేదో తెలియదు కాబట్టి అది ఎప్పటిలాగే 80 వేగంలో 200 కిలోలు వసూలు చేస్తుంది. ఖాళీ బండికి ఏముందిలే అని డ్రైవరు తొక్కిపట్టే వేళే గాలి డీజిల్‌ను ఎక్కువగా తాగేది. 80 నుంచి 60కి దిగితే నిండు లారీ కిలోమీటరుకు చేయాల్సిన పని 22 శాతం తగ్గుతుంది, ఖాళీ లారీకి దాదాపు మూడో వంతు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య దీనికి చెల్లించేది పది నిమిషాల సమయం.

ముందు తోపు, వెనుక లాగుడు

వర్షాకాలంలో కుందూ నది నిండుగా పారేటప్పుడు వంతెన మీద నిలబడి కిందికి చూస్తే గాలి చేసే పని నీళ్లలో కనిపిస్తుంది. స్తంభం ముందు నీరు ఎగదన్ని కాస్త ఎత్తుగా లేస్తుంది. స్తంభం వెనుక నీటిమట్టం కుంగి, సుడులు తిరుగుతూ చెత్తా చెదారాన్ని అక్కడే తిప్పుతుంటుంది. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనుక తక్కువ. ఈ రెండింటి తేడాయే స్తంభాన్ని ప్రవాహం వైపు తోస్తుంది.

లారీకీ జరిగేది ఇదే. పెట్టె ఆకారపు బండికి గాలి రాపిడి వల్ల వచ్చే నిరోధం తక్కువ, ఈ ఒత్తిడి తేడా వల్ల వచ్చేదే ఎక్కువ. అందుకే బాడీకి ఎంత నున్నగా రంగు వేసినా మైలేజీ మారదు. ఆకారం మారాలి.

వెనుక ఏర్పడే ఆ బోలు ప్రాంతాన్ని చూడటానికి పరికరాలు అక్కర్లేదు. నల్లరేగడి దుమ్ము లేచే రోజుల్లో పల్లెల నుంచి నంద్యాల డిపోకు చేరిన బస్సు వెనుక అద్దం చూస్తే చాలు. ముందు అద్దం కంటే, పక్క రేకుల కంటే వెనుక భాగానికే దుమ్ము దట్టంగా పడుతుంది. చక్రాలు లేపిన దుమ్మును బస్సు వెనుకనున్న తక్కువ ఒత్తిడి లోపలికి లాక్కుని, సుడుల్లో తిప్పి, అద్దానికి పట్టిస్తుంది. ఆ లాగుడు దుమ్మునే కాదు, బస్సునూ వెనక్కి లాగుతూ ఉంటుంది.

ముందు భాగంలో తగువంతా మూలల దగ్గర. ఎదురుగా వచ్చిన గాలి క్యాబిన్‌కో బాడీకో తగిలి పక్కలకు మళ్లుతుంది. మూల పదునుగా ఉంటే గాలి ఆ మలుపు తిరగలేక బండిని విడిచి దూరంగా ఎగిరిపోతుంది. బండి నిజంగా ఉన్నదానికంటే వెడల్పైన వస్తువులా గాలికి అడ్డుపడుతుంది. మూలను కొంచెం గుండ్రంగా తీస్తే గాలి రేకును అంటిపెట్టుకునే మలుపు తిరిగి, పక్క గోడ వెంట సాగిపోతుంది. ఎంత గుండ్రం కావాలి? గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగాలకు 100 నుంచి 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధం చాలు. బెత్తెడుకు ఎక్కువ, జానకు తక్కువ. అంతకు మించి గుండ్రం చేస్తే సరుకు చోటు తగ్గుతుందే గాని అదనంగా వచ్చేది స్వల్పం.

ఎడారిలో ఒక డబ్బా వ్యాను

ఈ చిన్న మలుపు విలువ 1950 నాటికే జర్మనీలో తెలిసింది. ఫోక్స్‌వాగన్ తన తొలి చిన్న వ్యాను నమూనాను బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయపు గాలి సొరంగంలో పరీక్షిస్తే నిరోధ గుణకం 0.75 వచ్చింది. చదునైన ముఖాన్ని వంపు తిప్పాక అది 0.44కు దిగింది.

లారీల సంగతిని రోడ్డు మీదే తేల్చింది మాత్రం విమానాల మనుషులు. కాలిఫోర్నియాలోని మోహావీ ఎడారిలో నాసా విమాన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు 1973లో సైకిల్ మీద పనికి వెళ్తూ, పక్కనుంచి దూసుకుపోయే పెద్ద లారీలు తనను మొదట పక్కకు తోసి, మరుక్షణం తమ వైపు లాగడం గమనించాడు. పైగా అది చమురు సంక్షోభం ముంచుకొచ్చిన సంవత్సరం. ఆయన బృందం ఒక పాత ఫోర్డ్ వ్యానుకు చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి, అన్ని మూలలూ పదునుగా ఉండే నిఖార్సైన డబ్బాగా మార్చింది. అక్కడి నుంచి ఒక్కో మూలనూ గుండ్రం చేస్తూ ప్రతిసారీ నిరోధాన్ని కొలిచింది.

నిలువు మూలలు గుండ్రం చేస్తే నిరోధం 40 శాతం పడిపోయింది. దానికి పోయిన సరుకు చోటు 1.3 శాతం. అడ్డ అంచులనూ గుండ్రం చేస్తే తగ్గుదల 54 శాతానికి చేరింది, చోటు నష్టం 3 శాతం. ఆ తర్వాత అడుగు భాగాన్ని నున్నగా మూసి, వెనుక పడవ తోకలా సన్నగిల్లే భాగాన్ని తగిలించి మరికొంత రాబట్టారు. ఖరీదైన యంత్రమేదీ లేదు, ఇంజను మార్చలేదు. రేకు వంచారు, అంతే.

ఈ ఫలితంలో ఆంధ్ర, తెలంగాణలకు నేరుగా పనికొచ్చే విషయం ఒకటుంది. మన దేశంలో చాలా లారీలు కంపెనీ నుంచి చాసిస్‌గా వస్తాయి, తొట్టిని తర్వాత స్థానికంగా కట్టించుకుంటారు. విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి జిల్లా పట్టణాల షెడ్ల దాకా బాడీ కట్టే మేస్త్రీలు వంచే రేకు, అతికే మూల ఆ లారీ బతికినన్నాళ్లూ గాలితో దాని సంబంధాన్ని నిర్ణయిస్తాయి. యజమాని బాడీ కట్టించేటప్పుడు పలక మందం అడుగుతాడు, చెక్క ఏదని అడుగుతాడు, రంగుల బొమ్మలు ఎంచుకుంటాడు. ముందు మూలలకు ఎంత వంపు ఇస్తున్నారని కూడా అడగాల్సిన కాలం వచ్చింది.

సరుకును బట్టి గాలి

నంద్యాల జిల్లా రోడ్ల మీద ఒక గంట నిలబడితే గాలి పాఠంలోని ఉదాహరణలన్నీ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

బేతంచెర్ల బండలు వేసుకున్న లారీ బరువైనది, కానీ సరుకు తొట్టి అడుగునే ఉంటుంది. క్యాబిన్‌ను మించి పైకి లేచేదేమీ లేదు. దీని బాధ టైర్లది, గాలిది కాదు. సరైన గాలి కొట్టిన మంచి టైర్లే దీనికి మందు. ఇలాంటి బండికి క్యాబిన్ మీద గాలిని పైకి మళ్లించే డిఫ్లెక్టర్ బిగిస్తే మేలు జరగదు సరికదా, ఎదురు వైశాల్యం పెరిగి నష్టం వస్తుంది.

పత్తి లారీ దీనికి తలకిందులు. సరుకు తేలిక, ఎత్తు ఎక్కువ. క్యాబిన్ మీదుగా మీటరు పైకి లేచిన లోడు గాలికి నిలువు గోడ. డిఫ్లెక్టర్ విలువ ఇక్కడే. గాలిని క్యాబిన్ పైనుంచి ఏటవాలుగా ఎక్కించి లోడు పై అంచు మీదుగా దాటించాలి. డిఫ్లెక్టర్ ఎత్తు లోడు ఎత్తుకు సరిపోకపోతే దాని పని సగమే అవుతుంది. పట్టా బిగింపూ అంతే ముఖ్యం. మోకులు వదులై పటపట కొట్టుకునే పట్టా గాలి శక్తిని తినేస్తూనే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది కూడా. పట్టాను ముందు అంచుల దగ్గర మడతలు లేకుండా లాగి కట్టడం ఖర్చు లేని పని.

వరిగడ్డి ట్రాలీ చూడటానికి భయంకరంగా ఉంటుంది, రోడ్డు సగం ఆక్రమిస్తుంది. కానీ 20 కిలోమీటర్ల వేగంలో 14 చదరపు మీటర్ల గడ్డిమోపుకు గాలి ఎదురొత్తేది పాతిక కిలోలలోపే. దానికి గాలి శాస్త్రంతో పనిలేదు, వెనుక ఎర్ర దీపంతో పనుంది.

కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి పొడి సిమెంటు మోసే బల్కర్లలో గుండ్రటి ట్యాంకు ఉంటుంది. ఆకారం మంచిదే అయినా క్యాబిన్‌కూ ట్యాంకుకూ మధ్య ఖాళీ, పక్కన వేలాడే గొట్టాలు, నిచ్చెనలు ఆ లాభంలో కొంత మింగేస్తాయి.

ఇక టమాటా పెట్టెలు దించి తిరిగొచ్చే పికప్ బండ్లు. గాలి సాఫీగా పోతుందని ఖాళీ తొట్టి వెనుక డోరు దించి నడిపే అలవాటు చాలామందికి ఉంది. పరీక్షల్లో తేలింది వేరు. డోరు మూసి ఉంటే తొట్టి లోపల గాలి ఒక సుడిగా స్థిరపడుతుంది, పైనుంచి వచ్చే గాలి ఆ సుడి మీదుగా జారి డోరును దాటిపోతుంది. డోరు దించితే సుడి చెదిరి, మామూలుగా నిరోధం తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. తొట్టి మీద పట్టా బిగించడం ఈ రెండిటికంటే మెరుగు.

అహోబిలం యాత్రికుల జీపులు, కార్ల నెత్తిన పెట్టే సామానుకూ ఇదే సూత్రం. కారు టాపు మీద పెద్ద పెట్టె ఉంటే జాతీయ రహదారి వేగాల్లో మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా పడిపోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచారం చెబుతోంది. సామాను డిక్కీలో పడితే టాపు ఖాళీగా ఉంచడం, ఖాళీ క్యారియర్‌ను విప్పేయడం మేలు.

పడమటి గాలి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోడ్డు దాదాపు సూటిగా దక్షిణానికి పోతుంది. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి ఈ మైదానం మీద రోడ్డుకు అడ్డంగా వీస్తుంది. 80 వేగంతో పోయే లారీకి పక్కనుంచి 20 కిలోమీటర్ల గాలి తగిలితే, బండికి సంబంధించినంతవరకు గాలి ఎదురుగా కాక 14 డిగ్రీలు ఏటవాలుగా వస్తున్నట్టు లెక్క.

ఈ కొద్ది వాలే లారీకి చేటు. ఏటవాలు గాలి క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందులోకి చొరబడి, తొట్టి ముందు గోడను కొట్టి, అవతలి పక్కకు దూసుకుపోతుంది. చక్రాల మధ్య ఖాళీల్లోంచి అడుగుకు దూరి ఇరుసులు, గొట్టాలు, స్టెప్నీ అన్నిటికీ తగులుతుంది. అందుకే గాలి సొరంగంలో నేరుగా కొలిచిన అంకెను మాత్రమే నమ్మి బండి కొంటే రోడ్డు మీద నిరాశ తప్పదు. సందును పక్క రేకులతో తగ్గించడం, చక్రాల మధ్య పక్క పలకలు బిగించడం ఈ గాలికి విరుగుడు.

పక్క పలకలకు మన దగ్గర ఇంకో బలమైన కారణముంది. ద్విచక్ర వాహనదారులు లారీ చక్రాల కిందికి పోకుండా పక్కన రక్షణ కడ్డీలు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ కడ్డీల చోట నున్నటి పలక బిగిస్తే ప్రాణమూ కాపాడుతుంది, డీజిలూ మిగులుతుంది. పొలం బాటల్లో, ఎత్తైన స్పీడ్ బ్రేకర్ల మీద పగలకుండా కింది అంచుకు రబ్బరు పట్టీ వేయాలి. సరుకు పక్కనుంచి ఎక్కించే బండ్లకు పలక పైకి మడిచేలా ఉండాలి. ఇవన్నీ మన షెడ్లలో చేయగలిగినవే.

అన్ని బస్సులకూ ఒకటే మందు కాదు

ఆళ్లగడ్డ డిపో నుంచి పల్లెలకు పోయే పల్లెవెలుగు బస్సు రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగుతుంది. అది కష్టపడి కూడగట్టుకున్న వేగమంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. దానికి డ్రైవరు మెల్లగా వేగం పెంచడం, ముందు చూసుకుని యాక్సిలరేటర్ వదలడం ఏ ఆకారమూ ఇవ్వలేని లాభాన్నిస్తాయి. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లు లీటరుకు తెచ్చే కిలోమీటర్లను, అంటే కేఎంపీఎల్‌ను వేరువేరుగా రాసి పోల్చడం వెనుక ఈ అనుభవమే ఉంది.

రాత్రంతా హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వైపు ఆగకుండా పోయే బస్సు సంగతి వేరు. అక్కడ ముందు అద్దం వంపు, పక్క మూలలు, టాపు మీద ఏసీ యూనిట్ చుట్టూ కవచం, వెనుక పై అంచు కొద్దిగా లోపలికి వాలడం, అన్నీ లెక్కకొస్తాయి. కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో ప్రారంభమైంది. ఇలాంటి చోట ఒక్క నమూనాలో తీసుకునే మంచి నిర్ణయం వేల బస్సుల్లో పునరావృతమవుతుంది.

నిబంధనలు ఏ వేగాన్ని చూస్తాయి

అమెరికా పర్యావరణ సంస్థ 2004లో స్మార్ట్‌వే కార్యక్రమం మొదలుపెట్టి, లారీలకు తగిలించే పక్క పలకలు, తోక రేకులు నిజంగా ఎంత ఆదా చేస్తాయో పరీక్షించి గుర్తింపు ఇస్తోంది. ఐరోపా సమాఖ్య 2015లో పొడవు నిబంధనను సడలించి, గుండ్రటి ముక్కు ఉన్న క్యాబిన్లకు, వెనుక మడిచే రేకులకు దారి ఇచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఫ్రైట్‌లైనర్ సూపర్‌ట్రక్ అనే ప్రయోగాత్మక లారీ, మొత్తం 29 టన్నుల పైచిలుకు బరువుతో గంటకు 105 కిలోమీటర్ల వేగంలో లీటరుకు 5 కిలోమీటర్లకు పైగా ఇచ్చి చూపింది. అందులో ఇంజను మెరుగుదల కూడా ఉంది. కానీ ఆ వేగంలో ఆ బరువుకు ఆ మైలేజీ గాలిని మచ్చిక చేసుకోకుండా రాదు.

భారతదేశం భారీ వాహనాలకు ఇంధన ప్రమాణాలను 2017లో ప్రకటించింది. లారీలను గంటకు 40, 60 కిలోమీటర్ల స్థిర వేగాల్లో నడిపి డీజిల్ కొలుస్తారు. పైన వేసిన లెక్కతో దీన్ని పోల్చి చూడాలి. నిండు లారీకి 40 దగ్గర గాలి వాటా అయిదో వంతే, 60 దగ్గర మూడో వంతుకు కొంచెం ఎక్కువ. నాలుగు వరుసల రహదారిపై సరుకు లారీలకు 80 వరకు అనుమతి ఉంది. గాలి అసలు బలం చూపించే ఆ వేగాన్ని పరీక్ష చూడనంత కాలం, మంచి ఆకారం కోసం ఖర్చుపెట్టిన తయారీదారుకు దక్కాల్సిన గుర్తింపు పూర్తిగా దక్కదు. పరీక్షలో 80 కూడా చేరాలి.

యజమానికి మిగిలేది ఎంతో చూద్దాం. మూలలు, డిఫ్లెక్టర్, పట్టా బిగింపు కలిసి గాలి నిరోధాన్ని 15 శాతం తగ్గించాయనుకుంటే, 60 వేగంలో నూరు కిలోమీటర్లకు లీటరు పైచిలుకు డీజిల్ మిగులుతుంది. హైదరాబాదుకు ఒక వైపు ప్రయాణంలో దాదాపు నాలుగు లీటర్లు.

నంద్యాలలోనే కొలవవచ్చు

గాలి సొరంగం లేకుండానే ఈ సంగతులు పరీక్షించే మార్గాలు రెండున్నాయి. నంద్యాలలోని ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు ఇవి ఒక మంచి ప్రాజెక్టు కాగలవు.

మొదటిది ఊలు దారాలు. జానెడు పొడవు ముక్కలను అడుగుకొకటి చొప్పున లారీ మూలలకు, పక్కలకు, టాపు అంచులకు టేపుతో అతికించి, పక్కన ఇంకో బండిలోంచి వీడియో తీయాలి. గాలి అంటిపెట్టుకుని పోయే చోట దారం వెనక్కి తిన్నగా పడుకుంటుంది. గాలి విడిపోయిన చోట అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఒక్కోసారి ముందుకు తిరుగుతుంది. ఏ మూల సరిచేయాలో దారాలే చూపుతాయి.

రెండోది న్యూట్రల్ పరీక్ష. వాహనాలు తిరగని, చదునైన, పూర్తిగా మూసి ఉంచిన రోడ్డు కావాలి. 75 వేగానికి చేర్చి గేరు న్యూట్రల్‌లో వేసి, 70 నుంచి 60కి, 30 నుంచి 20కి పడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. ఇంజను ఆపకూడదు, ఆపితే బ్రేకులకు గాలి అందదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది. వాలు, గాలివాటం తేడా పోయేలా రెండు దిక్కుల్లోనూ చేసి సగటు తీయాలి. తెల్లవారుజామున గాలి నిలిచి ఉన్నప్పుడు మేలు. ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, ఎందుకంటే జనవరి ఉదయం 18 డిగ్రీల గాలి కంటే మే నెల 42 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలుచన.

మన లెక్క ప్రకారం పది టన్నుల ఖాళీ లారీ 70 నుంచి 60కి పడటానికి సుమారు 14 సెకన్లు తీసుకుంటుంది. గాలి నిరోధం 15 శాతం తగ్గితే అది పదిహేనున్నరకు చేరుతుంది. 30 నుంచి 20కి పట్టే 32 సెకన్లలో మాత్రం తేడా దాదాపు ఒక్క సెకనే. మార్పు పై వేగాల్లోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది మూలలు, పట్టా, డిఫ్లెక్టర్ల పుణ్యం. రెండు చోట్లా ఒకే నిష్పత్తిలో కనిపిస్తే టైర్లలో గాలినీ చక్రాల బేరింగులనూ ఒకసారి చూసి, పరీక్ష మళ్లీ చేయాలి.